మా బొంబాయి మాస్టర్

ఆ రోజుల్లో, అంటే మేడ్చల్ చుట్టూ ద్రాక్షతోటలు ఇంకా పచ్చగా ఉండి, కొంపల్లిలో ఇళ్ళకంటే ఖాళీ జాగాలే ఎక్కువగా ఉన్న రోజుల్లో, మా వాడలో డ్యాన్సు నేర్చుకోవడం అనే మాటే లేదు. డ్యాన్సు వచ్చేది, అంతే. పెళ్ళి బరాత్‌లో బ్యాండు వాళ్ళు తీన్‌మార్ అందుకోగానే చంకలో పిల్లను ఎత్తుకున్న ఆడవాళ్ళ నుంచి ధోతి ఎగ్గట్టిన ముసలివాళ్ళ దాకా అందరికీ ఒకేసారి వచ్చేది, బ్యాండు ఆగగానే పోయేది. దానికి గురువు అక్కర్లేదు, ప్రాక్టీసు అక్కర్లేదు, సిగ్గు అసలే అక్కర్లేదు. ఇవన్నీ కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. గురువు, ప్రాక్టీసు ఎలా దొరికాయో ఇప్పుడు చెబుతాను. సిగ్గు మాత్రం చెప్పాల్సిన పని లేదు, చదువుతుంటే మీకే కనిపిస్తుంది.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఇంటర్ ఒకసారి తప్పి, రెండోసారి తప్పడానికి శ్రద్ధగా సిద్ధమవుతున్నాను. బస్టాండు ఎదురుగా ఉన్న కటింగ్ షాపులో కొత్తగా కేబుల్ టీవీ పెట్టారు. అందులో ఒకనాడు ఏదో విదేశీ పాటల చానల్లో ఒక బక్కమనిషి కనిపించాడు. అతని ఒంట్లో ఎముకలకు బదులు మరలు బిగించినట్టుంది. భుజం ఉలిక్కిపడితే ఆ ఉలికిపాటు మోచేతిలోకి, మణికట్టులోకి, వేళ్ళలోకి పాకుతోంది. ఉరుకుతున్న మనిషి ఉరుకుతూనే బొమ్మలా ఆగిపోతున్నాడు, మళ్ళీ కదులుతున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నా పక్కన కూర్చున్న దోస్తు దానికి పేర్లు చెప్పాడు. వాడు చర్చిలో ఆదివారంనాడు కీబోర్డు వాయించేవాడు (అందుకని వాడలో అందరికీ వాడు కీబోర్డే, వాళ్ళమ్మ కూడా ఒకోసారి అలాగే పిలిచేది). కండను టక్కున బిగించి వదిలితే పాపింగ్ అని, కదిలే ఒళ్ళు తాళం వేసినట్టు ఆగితే లాకింగ్ అని, సికింద్రాబాద్‌లో వాళ్ళ చిన్నమ్మ కొడుకు ఇవి చేస్తాడని చెప్పాడు. అంతే, ఆ క్షణం నుంచి నాకు ఇంటర్ లేదు, ఇంకేమీ లేదు.

మా ఇంట్లో ఉన్న అద్దంలో ఒకసారికి ఒక చెంప మాత్రమే కనిపించేది. కాబట్టి నా ప్రాక్టీసంతా కటింగ్ షాపు అద్దాల ముందే. కుర్చీలో గిరాకీ గడ్డానికి సబ్బు రాయించుకుని కూర్చుంటే, వెనకాల నేను భుజాలు ఎగరేస్తూ ఉండేవాణ్ణి. నాలుగు రోజులు ఓర్చుకుని ఐదో రోజు షాపాయన కత్తి పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "నువ్వు ఒణికితే నీ ఇష్టం తమ్మీ. నిన్ను జూసి నా చెయ్యి ఒణికితే గిరాకీ చెవు పోతది" అన్నాడు. అలా నా మొదటి డ్యాన్సు స్కూలు మూతబడింది. కీబోర్డు వాళ్ళ ఇంటి మిద్దె మీద రెండో స్కూలు తెరిచాం. వాడు టేప్ రికార్డర్ పట్టుకుని కూర్చునేవాడు, నేను చెమటలు కక్కేవాణ్ణి. నెల గడిచాక వాడు చాలా మర్యాదగా తన అభిప్రాయం చెప్పాడు. నేను చేసేది పాపింగ్ కాదట, చీమల పుట్ట మీద కూర్చున్నవాడు లేచినట్టు ఉందట.

వాడి మాట నిజమే. వణకడం నాకు రావడం లేదు. చేయి మొత్తం ఊగేది తప్ప, ఆ సన్నటి అదురు వచ్చేది కాదు. ఆగడం కూడా రాలేదు. ఆగానని నేను అనుకునేవాణ్ణి, నా పొట్ట మాత్రం ఇంకా కదులుతూ ఉండేది.

ఇక్కడ మా అవ్వ గురించి చెప్పాలి. మా నాయిన తల్లి. మేం మేడ్చల్‌లో ఉంటే ఆమె దుకాణం షామీర్‌పేటలో, చెరువు కట్ట మీద. దుకాణం అంటే ఒక ఇనుప కుంపటి, ఒక బొగ్గుల సంచి, తాటాకు విసనకర్ర, బస్తాలో పచ్చి మక్క కంకులు. వానాకాలమంతా పొద్దున్నే సెవెన్ సీటర్ ఆటో ఎక్కి పోయేది, చీకటి పడే లోపల వచ్చేది. ఆదివారాలు పట్నం నుంచి చెరువు చూడడానికి జనం వచ్చేవాళ్ళు. వాళ్ళతో అవ్వ కంకులకంటే ముచ్చట్లే ఎక్కువ అమ్మేది. ఎవరి కూతురికి ఎన్నో నెల, ఎవరి కొడుకు ఏ ఆఫీసు, అన్నీ ఆమెకు కావాలి. నాయిన కంపెనీలో వాచ్‌మన్ ఉద్యోగంలో కుదిరాక ఇక మానెయ్యమ్మా అని ఎన్నిసార్లు అన్నా వినలేదు. ఇంట్లో కూర్చుంటే గోడలు మాట్లాడతాయా అనేది.

రెండేళ్ళ నుంచి అవ్వ కుడిచేయి వణికేది. ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా దానంతట అదే అదురుతూ ఉండేది. నడుస్తూ నడుస్తూ గడప దగ్గరో, ఆటో మెట్టు దగ్గరో కాళ్ళు నేలకు అంటుకున్నట్టు ఆగిపోయేవి. దవాఖానలో గోలీలు ఇచ్చారు, వేసుకునేది. అంతకుమించి దాని గురించి ఆమె పరేషాన్ కాలేదు. కాళ్ళు ఆగితే "బండి చాలు అయితలేదు, జరంత ఆగుండ్రి" అని నవ్వేది. కంకులు కొనడానికి వచ్చినవాళ్ళు చేతివైపు జాలిగా చూస్తే తనే అందుకునేది. "నాకు ఇసురుడు తప్పింది బిడ్డా. ఇసనకర్ర పట్టుకుంటే సాలు, గదే ఊగుతది." వాళ్ళు నవ్వేవాళ్ళు, ఇంకో కంకి కొనేవాళ్ళు. ఆ చేయి ఆమెది, ఆ నవ్వులాట కూడా ఆమెదే. ఈ సంగతి నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఒక ఆదివారం అమ్మ ఇచ్చిన సద్దిగిన్నె పట్టుకుని కట్ట మీదికి పోయాను. అవ్వ నాకోసం లేత కంకి దాచి ఉంచింది, అది కొరుకుతూ పక్కన కూర్చున్నాను. పొగ లోంచి ఆమె చేయి కనిపించింది. విసనకర్ర పట్టుకున్న చేయి కాదు, అది కింద పెట్టాక మోకాలి మీద పెట్టుకున్న చేయి. సన్నగా, ఆగకుండా, లెక్క తప్పకుండా అదురుతోంది. నోట్లో మక్క గింజలు నోట్లోనే ఉండిపోయాయి. టీవీలో బక్కమనిషి ఎంత కష్టపడి తెచ్చుకున్నాడో ఆ అదురు మా ఇంట్లోనే ఉంది. సాయంత్రం ఆటో దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయినప్పుడు చూశాను, ఒంట్లో ఇంకేదీ కదలకుండా ఎలా ఆగాయో. జాలి పడాల్సిన చోట నాకు సంతోషం వేసింది. దాచడం ఎందుకు, చాలా సంతోషం వేసింది.

ఇక ప్రతి ఆదివారం కట్ట మీదే. బస్తా నేనే మోసేవాణ్ణి, కంకుల పొట్టు వలిచేవాణ్ణి, బొగ్గులు వేసేవాణ్ణి. అవ్వ మురిసిపోయింది. కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ నన్ను చూపించి నా మనుమడు బంగారం, ఈ కాలంలో ఎవరు వస్తారు అవ్వ దగ్గరికి అని చెప్పేది. నేను తల వంచుకుని పొట్టు వలిచేవాణ్ణి. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు. నిజానికి నేను ఆమె దగ్గరికి రాలేదు, ఆమె చేతి దగ్గరికి వచ్చాను. ఆమె ముచ్చట్లు చెబుతుంటే ఊ కొడుతూ మణికట్టు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో చూసేవాణ్ణి. సోమవారం మిద్దె మీద అదే చేసేవాణ్ణి. రెండు నెలల్లో కీబోర్డు టేప్ రికార్డర్ ఆపేసి లేచి నిలబడ్డాడు. ఇది ఎక్కడ నేర్చుకున్నావురా అని అడిగాడు. వస్తుందిలే, సాధన అన్నాను.

వినాయకచవితి వచ్చింది. మా వాడ యూత్ వాళ్ళు మండపం దగ్గర స్టేజీ కట్టి, ఐదో రోజు సాయంత్రం భజన కాగానే డ్యాన్సు పోటీ అన్నారు. మైకు పట్టుకున్నది కరెంటు ఆఫీసులో పనిచేసే ఒక అన్న. ఆయనకు మైకు దొరికితే వాడలో కరెంటు పోయినా పట్టించుకోడని పేరు. నా పేరు పిలిచాక స్టేజీ ఎక్కి చూస్తే, మొదటి వరసలో చాప మీద మా నాయిన, పక్కన అవ్వ. నేను చెప్పలేదు. బంగారం లాంటి మనుమడి డ్యాన్సు చూడాలని ఆమే నడిచి వచ్చిందట, దారిలో రెండుసార్లు బండి ఆగిందట.

కీబోర్డు క్యాసెట్ వేశాడు. నేను మొదలుపెట్టాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ చేయలేదు. భుజం నుంచి వేళ్ళ దాకా అదురు పాకింది, ఆగిన చోట పొట్ట కూడా ఆగింది. కానీ తీన్‌మార్ మనుషుల ముందు పాపింగ్ చేయడం అంటే ఏమిటో నేను ఆలోచించలేదు. ఒక నిమిషం అంతా బిర్రబిగుసుకుని చూశారు. తర్వాత వెనక నుంచి ఒక పెద్దమనిషి గొంతు నిజమైన కంగారుతో వినిపించింది. "పోరనికి ఫిట్సు వచ్చినయ్, చేతుల ఇనుము పెట్టుండ్రి జల్దీ." ఆయన చెప్పడమే కాదు, జనాన్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కి, తన మొలకున్న తాళంచేతుల గుత్తి తీసి నా గుప్పిట్లో కుక్కి, గుప్పిటను రెండు చేతులతో గట్టిగా మూసి పట్టుకున్నాడు. నేను లాకింగ్‌లో ఉన్నాను కాబట్టి కళ్ళు కూడా ఆర్పలేదు. దాంతో ఆయన అనుమానం ఖాయమైంది, నీళ్ళు తెమ్మన్నాడు. మండపం మండపమంతా విరగబడి నవ్వింది. వినాయకుడు ఒక్కడే నవ్వలేదని నా జ్ఞాపకం.

ఇంతవరకు జరిగింది తలుచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. అక్కడే తాళంచేతులు తిరిగి ఇచ్చేసి, దండం పెట్టి దిగిపోయి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. కానీ పదిహేడేళ్ళవాడికి జనం తనను చూసి నవ్వడం కంటే చావు నయం. ఆ నవ్వును ఎలాగైనా నా మీద నుంచి తప్పించాలి. మైకు అన్న భుజం మీద తువ్వాల కనిపించింది. లాగి నెత్తి మీద కొంగులా వేసుకున్నాను. గొంతుక్కూర్చున్నాను. ఎడమచేత్తో కంకి తిప్పుతున్నట్టు, కుడిచేత్తో విసనకర్ర విసురుతున్నట్టు చేశాను, ఆ చేయిని వణికించాను. పిల్లలు ముందు గుర్తుపట్టారు. మక్క కంకుల అవ్వ అని ఒకడు అరిచాడు. ఇక చూసుకోండి. ఈలలు, చప్పట్లు. నేను లేచి నాలుగడుగులు వేసి లేని గడప ముందు ఆగిపోయాను, బండి చాలు అయితలేదు అన్నట్టు కాళ్ళవైపు చూసుకున్నాను. కడుపు పట్టుకుని నవ్వారు. తాళంచేతుల పెద్దమనిషి కూడా నవ్వాడు.

అవ్వ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఆమె కూడా నవ్వుతోంది. చుట్టూ అందరూ నవ్వుతున్నారు కదా, ఆమె అలవాటుగా నవ్వింది. తర్వాత చుట్టుపక్కలవాళ్ళు తన వైపు తిరిగి నవ్వుతున్నారని తెలిసింది. నవ్వు ముఖం మీద అలాగే ఉంది, ఎడమచేయి మాత్రం మెల్లగా వచ్చి కుడిచేతిని పట్టుకుంది. రెండింటినీ కలిపి కొంగు కింద దాచుకుంది. ఆమె ఆ చేతిని దాచుకోవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మొదటి బహుమతి నాకే. మైకు అన్న నా భుజం మీద చేయి వేసి అడిగాడు. "గీ డ్యాన్స్ యాడ నేర్సినవ్ తమ్మీ? నీ గురువెవలో మైకుల జెప్పు, అందరు ఇంటరు." మైకు నా నోటి ముందు ఉంది. అవ్వ నాకు పది అడుగుల దూరంలో ఉంది. నేను గొంతు సవరించుకుని, "బొంబాయి నుంచి ఒక మాస్టర్ వచ్చిండు" అన్నాను. అప్పటికి నేను సికింద్రాబాద్ దాటి ఎరగను. చప్పట్లు కొట్టారు. స్టీలు పళ్ళెం చేతిలో పెట్టారు, దాని అంచు మీద నృత్యం, ప్రథమ బహుమతి అని చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంది.

ఇంటికి చేరాం. నాయిన నన్ను కొడతాడని ఎదురుచూశాను, కొట్టి ఉంటే బాగుండేది. ఆయన చెప్పులు విడిచి లోపలికి పోయి పడుకున్నాడు. అమ్మకు సంగతి తెలియదు, ఆమె పాపం సంబరంగా కొత్త పళ్ళెం కడిగి అందులోనే నాకు అన్నం పెట్టింది. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా మామూలు గొంతుతో అన్నది. "కోడలా, బొంబాయి మాస్టర్‌కు గిన్ని నీళ్ళియ్యి."

అమ్మ అయోమయంగా నా వైపు చూసింది. అవ్వ ఎడమచేయి చాచి, తనకే ఇమ్మని సైగ చేసింది. నేను ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. అప్పటి నుంచి మా ఇంట్లో బొంబాయి మాస్టర్‌కు తాంబూలం, బొంబాయి మాస్టర్‌కు కంబలి, బొంబాయి మాస్టర్‌కు గోలీలు. ఒక్కసారి కూడా కోపంగా అనలేదు. కోపంగా అంటే ఎదురు చెప్పడానికి నాకు కొంచెం జాగా దొరికేది.

తర్వాతి ఆదివారం కీబోర్డును తోడు తీసుకుని కట్ట మీదికి పోయాను. ఏదో ఒకటి అనాలి, ఏమనాలో తెలియదు, వాడు పక్కనుంటే ధైర్యం అనుకున్నాను. దూరం నుంచే కనిపించింది. మా వాడ పిల్లలు నలుగురైదుగురు చెరువులో ఈతకొచ్చి, తడి నిక్కర్లతో అవ్వ కుంపటి ముందు వరసగా నిలబడి చేతులు వణికిస్తున్నారు. పట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబం కంకులు తింటూ నవ్వుతోంది. అవ్వ విసనకర్రను ఎడమచేత్తో పట్టుకుని విసురుతోంది, కుడిచేయి కనిపించడం లేదు. నా కాళ్ళు ఆగిపోయాయి (ఈసారి లాకింగ్ కాదు). కీబోర్డు నన్ను మోచేత్తో పొడిచాడు. "మీ అవ్వ గాదుర?" అన్నాడు.

"తర్వాత వద్దాం పా" అని నేను వెనక్కి తిరిగాను. జింకల పార్కు దాకా ఆగకుండా నడిచాను. వాడు నా వెనకే వచ్చాడు. చాలా ఏళ్ళు మేం కలిసి తిరిగాం, ఆ రోజు సంగతి వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అవ్వ కట్ట మీదికి పోవడం మానేసింది. మోకాళ్ళు గుంజుతున్నాయి అన్నది. కుంపటి మంచం కిందికి పోయింది, విసనకర్ర దూలం మీదికి ఎక్కింది. నాయిన ఇన్నాళ్ళూ మానెయ్యమన్నవాడు ఇప్పుడు పో అమ్మా, పొద్దు పోతది అని బతిమాలడం మొదలుపెట్టాడు. ఆమె వినలేదు. నడక లేకపోయేసరికి కాళ్ళు ఇంకా మొండికేశాయి. ముచ్చట్లు కూడా తగ్గిపోయాయి. బొంబాయి మాస్టర్ అని వెక్కిరించడం కూడా ఒకరోజు ఆగిపోయింది. అది ఆగినప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఒక ఆదివారం పొద్దున, అమ్మా నాయినా పనులకు పోయారు, నేను అదే పళ్ళెంలో ఉప్మా తింటున్నాను. అవ్వ వాకిట్లోకి పోదామని లేచి గడప దగ్గర ఆగిపోయింది. ఒక చేయి ద్వారబంధం మీద. "కొడుకా, బండి ఆగింది" అన్నది. నేను లేచి రెక్క పట్టుకుని లాగాను. ఒళ్ళు ముందుకు వచ్చింది కానీ కాళ్ళు రాలేదు, పడబోయింది. భయంతో వదిలేసి, ఏం చేయాలో తోచక మళ్ళీ కూర్చున్నాను. నాకో పాడలవాటు ఉంది, కంగారు పుడితే చేతిలో ఏది ఉంటే దాంతో తాళం కొడతాను. చెంచాతో పళ్ళెం అంచు మీద టక్, టక్, టక్, టక్ అని కొడుతున్నాను. నాలుగో దెబ్బకు అవ్వ కాలు లేచింది. గడప దాటింది. నేను ఆశ్చర్యంతో చెంచా ఆపాను. ఆమె రెండో కాలు గాల్లోనే తడబడింది.

"ఆపకు. కొట్టు" అన్నది.

కొట్టాను. అవ్వ వాకిలి దాటింది, నల్లా దాటింది, గల్లీ మొదట్లోకి వచ్చింది. నేను వెనకాల ఎంగిలి పళ్ళెం వాయించుకుంటూ. గల్లీ మొదట్లో ఆమె పట్టుకోవడానికి ద్వారబంధం లేని చోట నిలబడి నా వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో ఆ కొంటె చూపు కనిపించింది. "పళ్ళెం కడుక్కొని రా. కట్ట కాడికి పోదాం."

కట్ట దగ్గరికి పోవాలంటే గల్లీ, బజారు, బస్టాండు అన్నీ దాటాలి. మొత్తం మేడ్చల్ చూస్తుండగా స్టీలు పళ్ళెం వాయించుకుంటూ. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కంకులు ఆడనే కొందామన్నది. కుంపటి నేను నెత్తిన పెట్టుకున్నాను, పళ్ళెం మెడలో తాడుకు వేలాడదీసుకున్నాను. బజార్లో ఒక ఇంట్లోంచి ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చి, పాత ప్యాంట్లు రెండు నా ముందు పట్టుకుని, వీటికి గిన్నె ఇస్తావా గ్లాసు ఇస్తావా అని అడిగింది. నేను గిన్నెలవాణ్ణి కాదమ్మా అంటే, మరెందుకు మోగిస్తున్నావు పనీపాటా లేకుండా అని తిట్టి పోయింది. బస్టాండు దగ్గర మా కాలేజీ ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి కోసం నేను ఆర్నెల్లుగా జుట్టు ఒకవైపుకు దువ్వుకుంటున్నాను. ఆమె నన్ను, కుంపటిని, పళ్ళేన్ని వరసగా చూసింది. టక్, టక్, టక్, టక్. ఆ రోజు తర్వాత జుట్టు ఎటు దువ్వుకున్నా ఒకటే అయింది. ఆటో మెట్టు దగ్గర ఒకసారి తాళం తప్పాను, అవ్వ కాలు సగంలో ఆగింది. "బొంబాయి మాస్టర్ గిట్లనే నేర్పిండా? లెక్క తప్పినవ్" అన్నది. ఆ పేరు మళ్ళీ విని నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

కట్ట మీద పిల్లలు సిద్ధంగా ఉన్నారు. కుంపటి రాజేయకముందే ఒకడు చేయి వణికించాడు. నేను వాణ్ణి ఏదో ఒకటి అనాలి, ఈమె మా అవ్వరా, ఇది నేను చేసిన పని అనాలి. నోరు తెరిచాను కూడా. అంతలో అవ్వ వాణ్ణి దగ్గరికి పిలిచింది. "గట్ల గాదుర. గీ నా మనుమడు తప్పు నేర్పిండు మీకు. ఆనికే సక్కగ రాదు" అని, కొంగు కింద నుంచి కుడిచేయి బయటికి తీసి అందరి ముందూ మోకాలి మీద పెట్టింది. "చెయ్యి ముందుగాల ఒణకది. ముందు బొటనవేలు కదుల్తది, తంబాకు నలిసినట్టు. తర్వాత యేళ్ళు. చెయ్యి ఆఖర్న. సూసి నేర్సుకునేటోడు సక్కగ సూడద్దా?" ఆ చివరి మాట పిల్లలకు కాదు. పిల్లలు బుద్ధిగా కూర్చుని చూశారు. ఒకడు తల గోక్కున్నాడు. అవ్వ వాళ్ళకు తలా సగం కంకి ఇచ్చింది. ఆ తర్వాత కట్ట మీద ఎవడూ వణకలేదు. రెండు నెలలు నేను గురువుకు ఎదురుగా కూర్చుని చూసింది తప్పని, ఆమె రెండు నిమిషాల్లో తేల్చేసింది. నిజంగానే నేను బొటనవేలిని చూడలేదు.

ఆమె కట్ట మీదికి పోగలిగినన్ని రోజులు నేను పళ్ళెం వాయించాను. వాడలో నాకు పళ్ళెం అనే పేరు స్థిరపడింది. సిగ్గేసేది, రోజూ వేసేది, అబద్ధం చెప్పను. కానీ తప్పయింది అవ్వా అనే మాట నా నోట్లోంచి రాలేదు. రేపు అందాం, ఎల్లుండి అందాం అనుకుంటూనే ఉన్నాను. మూడేళ్ళ తర్వాత ఒక ఎండాకాలం ఆమె కాళ్ళు ఏ తాళానికీ లేవలేదు. ఆ మాట నా దగ్గరే మిగిలింది.

కాలం మారింది. ద్రాక్షతోటలు పోయి కాలనీలు వచ్చాయి. కొంపల్లిలో ఒక పెద్ద కాలనీ క్లబ్‌హౌస్‌లో నేను డ్యాన్సు మాస్టర్‌ను అయ్యాను. కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగస్తుల పిల్లలు, చక్కగా మాస్టారూ అని పిలిచేవాళ్ళు. మొదటి పాఠంగా నేను వాళ్ళకు బొటనవేలు నేర్పాను. బొటనవేలు, తర్వాత వేళ్ళు, చేయి ఆఖర్న. ఇంత సహజంగా ఎవరికీ రాదని, ఇది మా మాస్టారి స్టైల్ అని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. ఆ ఏడాది వార్షికోత్సవంలో పిల్లలు అదరగొట్టారు. కాలనీ సెక్రటరీగారు నాకు శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, మీ గురువుగారెవరో చెప్పండి మాస్టారూ, మేమూ తెలుసుకుంటాం అన్నారు.

అవ్వ పోయి అప్పటికి పదేళ్ళు. ఈసారి ఎదురుగా చాప మీద ఎవరూ లేరు. తాళంచేతులు కుక్కేవాళ్ళు లేరు, నవ్వేవాళ్ళు లేరు. చెబితే ఎవరూ కాదనరు. మంచి బట్టలు వేసుకున్న రెండొందల మంది నా వైపు చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, "బొంబాయిలో ఒక మాస్టర్ దగ్గరండీ" అన్నాను. చప్పట్లు కొట్టారు. పదిహేడేళ్ళ వాడికి భయం ఉంది, బుద్ధి లేదు అనుకోవచ్చు. మరి శాలువా కప్పుకున్నవాడి సంగతి ఏమిటి? ఇంటికి వచ్చి ఆ పళ్ళెంలోనే అన్నం పెట్టుకున్నాను. నీళ్ళు పక్కన పెట్టుకోవడం మరిచిపోయాను. నీళ్ళియ్యమని చెప్పేవాళ్ళు లేరు. ఆ రాత్రి అన్నం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నేను మారాను. జుట్టు నెరిసింది, పొట్ట మళ్ళీ లాకింగ్‌లో ఆగడం మానేసింది. క్లాసులో కొత్తగా చేరిన పిల్లలు, వాళ్ళ తల్లులు మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ అని అడిగితే నేను ఉన్నదున్నట్టు చెబుతాను. మా గురువు మా అవ్వ, షామీర్‌పేట చెరువు కట్ట మీద మక్క కంకులు కాల్చి అమ్మేది, పాపింగూ లాకింగూ రెండూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను అంటాను. పిల్లలు పగలబడి నవ్వుతారు. మాస్టారు భలే జోకులు వేస్తారండీ అంటారు తల్లులు. కాదండీ నిజం అంటే ఇంకా నవ్వుతారు. అబద్ధం చెప్పిన రెండుసార్లూ చప్పట్లు కొట్టారు, నిజం చెబితే ఒక్కరూ నమ్మడం లేదు. బహుశా నాకు పడాల్సిన శిక్ష ఇదే కాబోలు.

వాళ్ళ నవ్వు తగ్గేదాకా ఆగుతాను. తర్వాత సంచిలోంచి అంచు సొట్టలు పడిన పళ్ళెం తీసి, చెంచాతో లెక్క మొదలుపెడతాను. ముప్పై బొటనవేళ్ళు మెల్లగా కదులుతాయి, తంబాకు నలిపినట్టు. ఎవరో ఒకరు తొందరపడి చేయి ముందే వణికిస్తారు. "గట్ల గాదు" అని నా నోటికి వచ్చేస్తుంది, అచ్చం ఆమె గొంతుతో. పిల్లలు దానికీ నవ్వుతారు. ఈసారి నేను కూడా నవ్వుతాను, పళ్ళెం మాత్రం ఆపను.